కథ అడ్డం తిరిగే చోటు: కొందరు ముందే పసిగట్టారు, కొందరు మోసమన్నారు

చిత్తుప్రతి (ప్రశ్న)

నమస్కారం. నేను రాస్తున్న ఒక చిన్న నవల విషయంలో ఈ చర్చావేదిక సభ్యుల సలహా కోరుతున్నాను. సమస్య అర్థం కావాలంటే కథ మొత్తం చెప్పక తప్పదు.

పదవీ విరమణ చేసిన ఒక న్యాయమూర్తికి చూపు పూర్తిగా పోయింది. ఆయన బాగోగులన్నీ కూతురే చూసుకుంటుంది. ఒకప్పుడు ఆయన చేతిలో శిక్ష పడిన వ్యక్తి ఎవరో సంతకం లేని ఉత్తరాలు రాయడం మొదలుపెడతాడు. వాటిని కూతురు తండ్రికి చదివి వినిపిస్తుంటుంది. ఒక్కో ఉత్తరానికీ బెదిరింపు ముదురుతుంది. రాసేది ఎవరో తేల్చాలని తండ్రి తన పాత కేసులన్నీ గుర్తు చేసుకుంటూ, ఆ క్రమంలో తాను ఒక నిర్దోషిని జైలుకు పంపానని తన నోటితోనే ఒప్పుకుంటాడు. చివర తెలిసేదేమిటంటే, ఇంటికి వచ్చినవన్నీ బంధువులు రాసిన మామూలు ఉత్తరాలు. బెదిరింపులన్నీ కూతురు అప్పటికప్పుడు కల్పించి చదివినవి. జైల్లో చనిపోయిన ఆ నిర్దోషి ఆమె పెళ్లి చేసుకోవాలనుకున్న మనిషి.

కథ ప్రథమ పురుషలో సాగుతుంది. కొన్ని అధ్యాయాలు తండ్రి వైపు నుంచి, కొన్ని కూతురి వైపు నుంచి రాశాను. చిత్తుప్రతిని కొందరు మిత్రులకు ఇస్తే రెండు రకాల ఫిర్యాదులు వచ్చాయి. ఐదో అధ్యాయంలోనే తెలిసిపోయిందని కొందరన్నారు. ఆ అధ్యాయాన్ని నేను ఇలా ముగించాను: "అది ఒకే ఒక్క పోస్టుకార్డు. ఆమె చదవడం పూర్తి చేసేసరికి పావుగంట పట్టింది." చివరిదాకా ఊహించలేకపోయిన మిగతావారేమో తమను మోసం చేశానన్నారు. మూడో అధ్యాయంలో కూతురు ఒంటరిగా ఉత్తరం విప్పి, అందులోని బెదిరింపు చదువుకుని భయంతో వణికిపోయిందని రాశాను. ముగింపు తెలిశాక ఆ పేజీని మళ్లీ తిరగేసి, ఇది పచ్చి అబద్ధం కదా అని నిలదీశారు.

ముందే తెలిసిపోకూడదంటే ఇంకా దాచాలి. మోసమనిపించకూడదంటే ఇంకా చెప్పాలి. ఈ రెండూ ఒకే ప్రతిలో ఎలా కుదురుతాయో నాకు అంతుపట్టడం లేదు.

రెండో పఠనం

చిత్తుప్రతి గారూ, కథాబీజం బలంగా ఉంది కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మీకు ఎదురెదురుగా కనిపిస్తున్న ఆ రెండు ఫిర్యాదులూ నా లెక్కలో ఒకే లోపానికి రెండు ముఖాలు. నిజాన్ని ఎక్కడ దాచాలన్న దాని మీదే మీ దృష్టంతా నిలిచింది. నిజం బయటపడేదాకా పాఠకుడు నమ్ముకుని ఉండవలసిన రెండో కథ, అంటే "ఎవరో ఖైదీ పగబట్టి రాస్తున్నాడు" అనే కథ, తన కాళ్ల మీద తాను నిలబడేలా కట్టలేదు. పాఠకుడికి ఒక సందేహం వచ్చి, దానికి జవాబు దొరకనప్పుడే అతడు వెతకడం మొదలుపెడతాడు. సందేహం పుట్టిన వాక్యంలోనో, ఆ పక్క వాక్యంలోనో తృప్తికరమైన జవాబు దొరికితే, అది తప్పుడు జవాబైనా సరే, అతడు ముందుకు సాగిపోతాడు.

ముందు మూడో అధ్యాయం సంగతి. ప్రథమ పురుషలో కథ చెబుతున్నప్పుడు పాత్ర ఎంత అబద్ధమైనా ఆడవచ్చు గాని, కథకుడు ఆడితే పాఠకుడు క్షమించడు. "బెదిరింపు చదువుకుని" అన్నది కథకుడి మాట. లేని బెదిరింపును ఆయన ఉందన్నాడు. ఆ రెండు ముక్కలూ తీసేసి ఈ విధంగా రాసి చూడండి: "ఉత్తరం విప్పింది. చివరిదాకా చదివింది. మడత పెడుతుంటే చేతులు వణికాయి. లోపలి గదిలోంచి, 'ఎవరి దగ్గర నుంచమ్మా?' అని తండ్రి అడిగాడు." ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆ వణుకు ఉత్తరంలో ఏదో ఉండడం వల్ల వచ్చిందని పాఠకుడు తనంతట తానే అనుకుంటాడు. తాను ఇప్పుడు మొదలుపెట్టబోతున్న పనికి ఆమె వణికిందని మళ్లీ చదివినప్పుడు గ్రహిస్తాడు. వాక్యం మారలేదు, దాని అర్థం మారింది. ట్విస్ట్ చేయవలసిన పని అదే.

ఈ విద్యలో ఇప్పటికీ అగథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' నవలనే పాఠ్యపుస్తకంగా చూపిస్తారు. దాదాపు వందేళ్ల నాటి నవల కాబట్టి గుట్టు విప్పినా తప్పు లేదనుకుంటాను. చదవదలచినవారు ఈ పేరాను దాటేయవచ్చు. కథ చెబుతున్న డాక్టరే హంతకుడు. తొమ్మిదికి ఇరవై నిమిషాలు ఉండగా ఉత్తరం వచ్చిందనీ, తొమ్మిదికి పది నిమిషాలు ఉండగా తాను గది వదిలి వచ్చాననీ అతడు నిజాయితీగానే రాస్తాడు. ఆ నడుమ పది నిమిషాల్లో ఏం చేశాడో మాత్రం రాయడు. పైగా చివరి అధ్యాయంలో, ఆ రెండు వాక్యాల మధ్య ఒక చుక్కల వరుస పెట్టి ఉంటే ఆ పది నిమిషాల గురించి ఎవరికైనా అనుమానం వచ్చేదా అని తానే మురిసిపోతాడు. రచయిత్రి గడియారపు లెక్కలన్నీ మన ముందే పరిచినా, చదివేవారు కూడిక చేయలేదు. చేయవలసిన అవసరం వారికి కలగలేదు.

ఇక మీ పోస్టుకార్డు. అది చాలా మంచి ఆధారం, కాని ఉండకూడని చోట ఉంది. అధ్యాయంలోని ఆఖరి వాక్యం తర్వాత ఖాళీ కాగితం ఉంటుంది. పాఠకుడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు. అక్కడ ఆధారం పెట్టడమంటే వేలెత్తి చూపించడమే. దాన్ని అధ్యాయం నడిమధ్యకు, సంభాషణలోకి జరపండి. చదవడం ముగిశాక తండ్రే అడగాలి: "కార్డేనన్నావు, అందులో ఇంత ఎలా పట్టింది?" కూతురు తడుముకోకుండా చెప్పాలి: "చీమ తలకాయలంత అక్షరాలు నాన్నా. అంచుల దాకా నింపేశాడు." అప్పుడు తండ్రిలోని న్యాయమూర్తి మేలుకుని, "కాగితం దొరకని చోట ఏళ్ల తరబడి ఉన్నవాడి అలవాటది. వీడు జైలు నుంచి వచ్చినవాడే" అనాలి. ఇప్పుడు చూడండి, ఆమెను పట్టించవలసిన ఆధారమే ఖైదీ కథకు సాక్ష్యమైంది. తండ్రి తెలివితేటలకు పాఠకుడు ముచ్చటపడతాడు. ముచ్చటపడుతున్న మనిషి లెక్కలు వేయడు.

సినిమాలో ఇదే పద్ధతి చూడాలనుకుంటే 1999 నాటి 'ది సిక్స్త్ సెన్స్'లోని హోటల్ సన్నివేశం మరోసారి చూడండి. ఆ భర్త అప్పటికే చనిపోయాడని సినిమా చివర గాని తెలియదు. పెళ్లిరోజు విందుకు అతడు ఆలస్యంగా వస్తాడు, భార్య అతడి ఏ మాటకూ జవాబివ్వదు, బిల్లు అతడి చేతికి అందకముందే తానే తీసుకుంటుంది. ఎందుకు మాట్లాడడం లేదన్న ప్రశ్న మనకు పుట్టనే పుట్టదు. ఆలస్యంగా వచ్చిన భర్త మీద అలిగిన భార్య అన్న జవాబు అప్పటికే మన చేతిలో ఉంది.

ఎడిటింగ్ టేబుల్

నేను సినిమా ఎడిటింగ్ చేసేవాణ్ణి. ఈ కథను తెరమీద ఊహించుకుంటే నాకు మొదట తట్టిన చిక్కు వేరే. నవలలో ఉత్తరం పాఠకుడికి కనబడదు. కెమెరాకు మాత్రం కాగితం కనబడుతుంది. ఎవరైనా ఉత్తరం విప్పితే దాని క్లోజప్ పడడం ప్రేక్షకుడికి అలవాటు. ఆ షాట్ ఒక్కసారి పడకపోతే పట్టించుకోడు. ప్రతి ఉత్తరానికీ పడకపోతే మూడోసారికి పట్టేస్తాడు. దీనికి విరుగుడు ఆ ఉత్తరాల దగ్గర వెతికితే దొరకదు. సినిమా మొత్తంలో ఏ కాగితాన్నీ, అంటే వార్తాపత్రికను గాని, కేసు ఫైలును గాని, మందుల చీటీని గాని దగ్గరగా చూపించకూడదు. చూపులేని మనిషి ప్రపంచం కాబట్టి ఈ కెమెరా అక్షరాలను చూడదని మొదటి రీలులోనే ప్రేక్షకుడికి అలవాటు చేస్తే, ఉత్తరాలు కనబడకపోవడం శైలిలో భాగమైపోతుంది.

శబ్దం విషయంలో మరో మాట. ఉత్తరం చదువుతున్నప్పుడు కూతురి గొంతు మెల్లగా ఒక మగగొంతులోకి మారడం మామూలుగా వాడే పద్ధతి. ఇక్కడ అది ప్రేక్షకుణ్ణి మోసం చేయడమే అవుతుంది, ఎందుకంటే ఆ మగమనిషి లేడు. అయితే తండ్రి ఎప్పుడు ఎవరిని అనుమానిస్తే ఆ మనిషి గొంతే వినబడేలా, ఉత్తరం ఉత్తరానికీ గొంతు మారేలా చేస్తే అది తండ్రి ఊహ అవుతుంది, మోసం కాదు. పైగా గొంతు మారుతూ ఉండడమే ఒక ఆధారంగా కూడా పనికొస్తుంది.

ఇంతకూ నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది: ఈ గుట్టును చివరిదాకా దాచడం అవసరమా? బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే పేలినప్పుడు పదిహేను సెకన్ల ఉలికిపాటు మాత్రమే దక్కుతుందనీ, ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ దక్కుతుందనీ దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోతో జరిపిన సంభాషణల్లో వివరించాడు. 1958లో తీసిన 'వర్టిగో'లో ఆయన ఆ మాటను అమలు చేసి చూపించాడు. కథానాయకుడు ప్రేమించిన స్త్రీ అసలు ఎవరన్నది మూలమైన ఫ్రెంచి నవలలో ఆఖరున బయటపడుతుంది. ఆ రహస్యాన్ని ఈయన, సినిమా మూడింట రెండు వంతులు గడిచేసరికే ప్రేక్షకుడికి చెప్పేశాడు. అక్కడి నుంచి "ఆమె ఎవరు" అన్న ప్రశ్న పోయి, "ఇతడికి తెలిస్తే ఏమవుతుంది" అన్న ప్రశ్న కుర్చీ అంచున కూర్చోబెడుతుంది.

మన రచనల్లోనూ ఈ దారి కొత్తది కాదు. 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు పెళ్లాడుతున్నది ఆడపిల్ల వేషం వేసిన శిష్యుణ్ణని మనకు ముందే తెలుసు. 1957 నాటి 'మాయాబజార్'లో పెళ్లికూతురుగా కనిపిస్తున్న శశిరేఖ ఘటోత్కచుడని తెలిసినందువల్లే ఆమె ప్రతి కదలికా నవ్విస్తుంది. ఆ సంగతి చివర్లో చెప్పి ఉంటే మనకు ఒక్క నిమిషం ఆశ్చర్యం మిగిలేది, అంత సేపటి వినోదం పోయేది. మీ కథలో నవ్వుకు చోటు లేదు గాని, ఆ గదిలో కూతురు ఖాళీగా ఉన్న కార్డు వెనక వైపు చూస్తూ తండ్రికి శాపనార్థాలు చదవడాన్ని, అన్నీ తెలిసిన పాఠకుడు చూస్తుంటే కలిగే భయం చిన్నది కాదు.

చిత్తుప్రతి

పోస్టుకార్డు గురించి చెప్పింది వెంటనే ఆచరణలో పెడతాను. కాగితం పొదుపు చేసే ఖైదీ అన్న ఊహ నాకు తట్టనే లేదు. కాని ఎడిటింగ్ టేబుల్ గారి సూచన నన్ను డోలాయమానంలో పడేసింది. గుట్టు మధ్యలోనే చెప్పేస్తే చివర నా దగ్గర ఏం మిగులుతుంది? తండ్రికి తెలియడం ఒక్కటే మిగిలితే, పాఠకుడు దానికోసం వంద పేజీలు ఓపిక పడతాడా?

పాత పుస్తకాల బీరువా

హిచ్‌కాక్ బాంబును అందరూ ఉదాహరిస్తారు గాని, ఆ మాటలకు ఆయనే పెట్టిన మినహాయింపును చాలామంది వదిలేస్తారు. అనూహ్యమైన ముగింపే కథకు ప్రాణమైనప్పుడు మాత్రం ప్రేక్షకుడికి ముందే చెప్పనక్కరలేదని ఆయన అక్కడే అన్నాడు. కాబట్టి ప్రశ్న మళ్లీ మీ దగ్గరికే వస్తుంది: మీ కథకు ప్రాణం ఏది? ఉత్తరాలు కల్పితమన్న సంగతా, తండ్రి తనను తాను తెలుసుకోవడమా?

నాకు రెండోదే అనిపిస్తోంది. అరిస్టాటిల్ తన 'పొయెటిక్స్'లో కథ తలకిందులు కావడం, పాత్రకు నిజం తెలియడం ఒకే క్షణంలో జరిగితే అది అత్యుత్తమమని చెప్పి, 'ఈడిపస్' నాటకాన్ని ఉదాహరణగా చూపాడు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న జోస్యం వల్ల రాజుకు పట్టుకున్న భయాన్ని పోగొడదామనుకుని, కోరింత్ నుంచి వచ్చిన దూత "మీరు ఆ తల్లిదండ్రులకు పుట్టినవారు కాదు" అంటాడు. ఊరట కలిగించాలని చెప్పిన ఆ మాటే రాజును కూల్చేస్తుంది. నేరస్థుణ్ణి వెతుకుతూ బయలుదేరినవాడు చివరికి తానే ఆ నేరస్థుడని తెలుసుకుంటాడు. మీ న్యాయమూర్తి కూడా సరిగ్గా ఆ దారిలోనే నడుస్తున్నాడు. ఈ కథలో అడ్డం తిరగవలసింది కూతురి గుట్టు కాదు, ఆయన వెతుకులాట. బెదిరించేది ఎవరని వెతికినవాడికి, ఆ బెదిరింపుకు తాను అర్హుణ్ణేనన్న సంగతి దొరకాలి.

అరిస్టాటిల్ మాటే మరొకటి ఇక్కడికి పనికొస్తుంది. సంఘటనలు అనుకోకుండా జరగాలి, అయినా ఒకదానివల్ల ఒకటి జరగాలి. ఈ రెండో షరతును మరిచిపోవడం వల్లనే, చివరి రీలులో కవల సోదరుడు ఊడిపడే కథలు మనకు చిరాకు తెప్పిస్తాయి. నాట్యశాస్త్రం కూడా నాటకం ముగిసే నిర్వహణ సంధిలో, అంటే కథలోని ఆఖరి భాగంలో, అద్భుత రసం ఉండాలంటుంది. అయితే ఆ సంధి చేయవలసిన పని, అంతకుముందు సంధుల్లో చల్లిన బీజాలన్నిటినీ ఒక్కచోటికి చేర్చడం. ఆశ్చర్యం రావాలి, అయితే నాటినదానిలోంచే రావాలి.

అందువల్ల మీకు నేను మధ్యేమార్గం చెబుతాను. మీ దగ్గర ఉన్నది ఒక గుట్టు కాదు, రెండు. ఉత్తరాలు కల్పితమన్నది మొదటిది. ఎందుకు కల్పిస్తోందన్నది రెండోది. మొదటిదాన్ని మూడింట రెండు వంతుల దగ్గర పాఠకుడికి ఇచ్చేయండి, రెండోదాన్ని తండ్రి నోటితో ఆ తీర్పు ప్రస్తావన పూర్తయ్యేదాకా పట్టి ఉంచండి. "ఎందుకు" అన్న ప్రశ్నకు ఎంత శక్తి ఉందో తెలుగు ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2015లో 'బాహుబలి' మొదటి భాగం చంపింది ఎవరో చెప్పేసి ముగిసింది, కారణం కోసం జనం 2017 దాకా ఎదురుచూశారు. రెండో భాగంలో ఆ చావు వస్తుందని ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా ఆ సన్నివేశం బలం తగ్గలేదు.

ముందే తెలిస్తే రుచి పోతుందన్న భయం గురించి ఒక మాట. 2011లో సాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు పన్నెండు కథలతో ఒక ప్రయోగం చేస్తే, ముగింపు ముందే తెలిసినవారే మొత్తం మీద కథలను కొంచెం ఎక్కువ మెచ్చుకున్నారు. తర్వాతి ప్రయోగాలన్నీ దీనితో ఏకీభవించలేదు కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోవద్దు. గుట్టు రట్టయిన మాత్రాన కథ చచ్చిపోదని మాత్రం ధైర్యంగా అనవచ్చు.

రెండో పఠనం

గుట్టును రెండుగా చీల్చడం నాకు నచ్చింది. అయితే అలా చేస్తే మీ భారమంతా రెండో గుట్టు మీద పడుతుంది. ప్రస్తుత ప్రతిలో దానికి పునాది లేదు. కూతురు ప్రేమించిన మనిషి గురించి పాఠకుడు మొదటిసారి వినేది చివరి అధ్యాయంలోనే అయితే, అదీ కవల సోదరుడు ఊడిపడడం లాంటిదే. అతణ్ణి మొదటి అధ్యాయాల్లోనే తీసుకురండి, కాని కూతురి జ్ఞాపకంగా తీసుకురావద్దు. తండ్రి గర్వంగా చెప్పుకునే తీర్పుల్లో ఒకటిగా, పేరు కూడా సరిగా గుర్తులేని ముద్దాయిగా, ఆయన నోటనే రానివ్వండి. "ఆ కుర్రాడి పేరేదో ఉండాలి" అని ఆయన తడుముకుంటుంటే కూతురు వెంటనే పేరు అందించాలి. ఇంట్లో ఆ ఫైళ్లన్నీ చదివి వినిపించేది ఆమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ముగింపు గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది, ఎడిటింగ్ టేబుల్ గారు ఒప్పుకోకపోవచ్చు. గుట్టు బయటపడగానే పాత దృశ్యాలన్నీ చకచకా తిప్పి చూపించే ఫ్లాష్‌బ్యాక్ వరుస నాకు గిట్టదు. చూసేవాడు తానే వెనక్కి వెళ్లి ముడులు విప్పుకునే ఆనందాన్ని అది లాగేసుకుంటుంది. నవలలో దానికి సమానమైనది, చివరి అధ్యాయంలో కూతురు కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పడం. పోస్టుకార్డునూ, చేతులు వణకడాన్నీ మళ్లీ ప్రస్తావించవద్దు. గుర్తున్నవాళ్లకు గుర్తుంటాయి, లేనివాళ్లు పేజీలు తిప్పుతారు.

ఎడిటింగ్ టేబుల్

ఒప్పుకుంటాను, కాని సగమే. థియేటర్లో కూర్చున్నవాడికి పేజీలు వెనక్కి తిప్పే వీలు లేదు, అందుకే ఆ వరుస పుట్టింది. ఒక్క షాట్‌తో సరిపెట్టగలిగితే మంచిది. పది షాట్లు వేయవలసి వస్తోందంటే, మొదటిసారి వేసినప్పుడు అవి సరిగా నాటుకోలేదన్నమాట.

చిత్తుప్రతి గారూ, తిరగరాశాక మళ్లీ మిత్రులకు ఇచ్చేటప్పుడు, ట్విస్ట్ నచ్చిందా అని మాత్రం అడగవద్దు. ట్విస్ట్ ఉందని తెలియడమే వారిని వేటగాళ్లను చేస్తుంది. ఇప్పటికే చదివినవారిని వదిలేసి కొత్తవారికి ఇవ్వండి. ప్రతి అధ్యాయం తర్వాత ఆగి, "ఈ ఉత్తరాలు ఎవరు రాస్తున్నారనుకుంటున్నారు, ఎందుకని?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాసిపెట్టమనండి. కూతురి పేరు ఏ అధ్యాయం దగ్గర మొదటిసారి కనబడుతుందో చూడండి. దానికి కారణంగా వారు ఏ వాక్యాన్ని చూపిస్తారో, సరిచేయవలసింది ఆ వాక్యమే. ఎవరి జవాబుల్లోనూ చివరిదాకా ఆమె పేరు రాకపోతే సంబరపడకుండా, ఆధారాలు మరీ లోతుగా పాతేశారేమో ఒకసారి చూసుకోండి.